చక్రవర్తి కంట పడకుండా స్తంభాలకు పట్టు గుడ్డ కట్టేవారట! ఓ టీచర్ ఇల్లు కోటలా మారిన కథ.. కన్ఫ్యూషియస్ ఆలయం విశేషాలు ఇవీ

చక్రవర్తి వస్తున్నాడంటే ఏ ఊళ్లో అయినా ఉన్న హంగులన్నీ బయటపెడతారు. చైనాలోని ఓ ఊళ్లో మాత్రం ఉన్న హంగును దాచేసేవారట. ఆ ఊరు షాన్‌డాంగ్ ప్రావిన్స్‌లోని చుఫు. అక్కడి కన్ఫ్యూషియస్ ఆలయంలో ప్రధాన మందిరం ముందు పది రాతి స్తంభాలు ఉన్నాయి. ఒక్కోదాని మీద రెండు డ్రాగన్లు. ఒకటి పైకి పాకుతుంటే, ఇంకొకటి కిందకు దిగుతుంటుంది. మధ్యలో మబ్బులు, ఓ ముత్యం. చైనాలో డ్రాగన్ అంటే చక్రవర్తి గుర్తు. అలాంటిది, ఆయన సొంత రాజభవనంలో కూడా ఇంత గొప్ప చెక్కుడు స్తంభాలు లేవు. చూస్తే ఆయనకు ఎక్కడ అసూయ పుడుతుందోనని, రాజుగారు వచ్చినప్పుడు ఎర్ర పట్టు గుడ్డ చుట్టేసేవారని అక్కడి గైడ్లు తప్పకుండా చెబుతారు.

కథ సంగతి ఎలా ఉన్నా, స్తంభాలు మాత్రం ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అసలు ప్రశ్న ఏంటంటే.. ఓ మామూలు టీచర్‌కు ఈ స్థాయి గుడి ఎలా వచ్చింది? ఎవరు కట్టారు? ఎందుకు కట్టారు? ఇన్నిసార్లు కాలిపోయినా మళ్లీ మళ్లీ ఎందుకు లేపారు?

ఇంతకీ ఎవరీ కన్ఫ్యూషియస్?

క్రీ.పూ. 551లో పుట్టి 479లో చనిపోయిన ఆలోచనాపరుడు. మన బుద్ధుడికి కాస్త అటూ ఇటుగా సమకాలికుడు అనుకోవచ్చు. చైనా వాళ్లు ఆయన్ను కోంగ్‌ఫూజీ అంటారు, అంటే కోంగ్ గురువుగారు. ఆ మాటనే క్రైస్తవ మిషనరీలు లాటిన్‌లోకి మార్చి కన్ఫ్యూషియస్ చేశారు. అప్పటికి చైనా అంతా ఒక్క దేశం కాదు. చిన్న చిన్న రాజ్యాలు. వాటిలో లూ రాజ్యం ఆయనది. కొన్నాళ్లు అక్కడే ఉద్యోగం చేశారు, తర్వాత దాదాపు 14 ఏళ్లు ఊరూరా తిరిగారు. రాజు రాజులా, తండ్రి తండ్రిలా, కొడుకు కొడుకులా ఎవరి బాధ్యత వాళ్లు సరిగ్గా చేస్తే రాజ్యం బాగుంటుందని రాజులకు చెప్పి చూశారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చివరికి సొంతూరికి తిరిగొచ్చి పిల్లలకు చదువు చెప్పుకుంటూ గడిపేశారు.

ఆయన తాను దేవుడినని ఎప్పుడూ అనలేదు. స్వర్గం, నరకం గురించి పెద్దగా మాట్లాడలేదు. అందుకే ఈ ఆలయాన్ని గుడి అనాలంటే కొంచెం ఆలోచించాలి. వరాలు ఇచ్చే దేవుడి గుడి కాదిది. పూర్వీకులకు, గురువుకు నైవేద్యం పెట్టి నమస్కరించే చోటు.

మూడు గదుల ఇల్లే మొదటి గుడి

కన్ఫ్యూషియస్ చనిపోయిన మరుసటి ఏడాది, అంటే క్రీ.పూ. 478లో, లూ రాజ్యాన్ని పాలిస్తున్న ఐ ప్రభువు ఆయన ఇంటినే ఆలయంగా ప్రకటించాడు. మూడు గదులు. లోపల ఆయన బట్టలు, టోపీ, వాయించిన వాద్యం, వాడిన బండి, పుస్తకాలు పెట్టారు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే మెమోరియల్ మ్యూజియం.

అది అలాగే ఉండిపోతే మనకు ఈ కథే లేదు. కానీ క్రీ.పూ. 213లో పరిస్థితి తలకిందులైంది. చైనాను మొదటిసారి ఏకం చేసిన చిన్ షి హువాంగ్, అదేనండి, మట్టి సైనికుల సమాధి కట్టించుకున్న చక్రవర్తి, పాత పుస్తకాలను తగలబెట్టమని ఆర్డర్ వేశాడు. అప్పుడు కన్ఫ్యూషియస్ వారసుడొకరు ఇంటి గోడలో పుస్తకాలు దాచి పైన పూత పూసేశాడని చెబుతారు. కొన్ని దశాబ్దాల తర్వాత హాన్ వంశానికి చెందిన ఓ రాకుమారుడు తన భవనాన్ని పెద్దది చేసుకోవడానికి ఆ పాత ఇంటిని పడగొట్టబోయాడు. గోడ కూలగానే లోపల వెదురు బద్దల మీద రాసిన పుస్తకాలు బయటపడ్డాయట. ఆ పాత లిపి ప్రతులు అసలైనవా, కావా అని చైనా పండితులు శతాబ్దాల పాటు కొట్టుకున్నారు. ఆ సంఘటనకు గుర్తుగా ఆలయంలో 'లూ గోడ' పేరుతో ఓ ఎర్ర గోడ ఉంది. పక్కనే కన్ఫ్యూషియస్ నీళ్లు తాగారని చెప్పే బావి కూడా ఉంది.

పుస్తకాలు కాల్చిన వంశం కొద్ది ఏళ్లకే కూలిపోయింది. తర్వాత వచ్చిన హాన్ వంశం రూటు మార్చింది. ఆ వంశ స్థాపకుడు గావోజు స్వయంగా వచ్చి కన్ఫ్యూషియస్‌కు బలి నైవేద్యం సమర్పించాడు. ఆ వంశంలోనే వచ్చిన వూ చక్రవర్తి ఇంకో అడుగు ముందుకేసి కన్ఫ్యూషియస్ బోధనలనే రాజ్యానికి అధికారిక సిద్ధాంతం చేశాడు. లెక్క సింపుల్. పెద్దలకు గౌరవం, పాలకుడికి విధేయత అని నేర్పే సిద్ధాంతం ఏ చక్రవర్తికి మాత్రం చేదు? (పాలకుడు తప్పు చేస్తే మొహం మీదే చెప్పాలని కూడా ఆ గురువు చెప్పారు. ఆ పాఠాన్ని మాత్రం చాలామంది రాజులు సిలబస్‌లోంచి తీసేశారు.)

అక్కడి నుంచి ఇల్లు పెరగడం మొదలైంది. వచ్చిన ప్రతి వంశమూ తన వంతుగా ఓ మందిరమో, ఓ గేటో, ఓ శాసనమో చేర్చింది. సొంగ్ వంశం కాలంలో 11వ శతాబ్దంలో బాగా విస్తరించారు. 1331లో యువాన్ వంశం వాళ్లు, అంటే మంగోలులు, రాజభవనం పద్ధతిలో చుట్టూ గోడ కట్టించి మూలల్లో బురుజులు పెట్టారు. బయటి నుంచి వచ్చి చైనాను ఏలిన మంగోలులు, మంచూలు కూడా ఈ గుడికి ఖర్చు పెట్టడంలో ఏమాత్రం తగ్గలేదు. 'మేమూ మీవాళ్లమే' అని జనానికి చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి చోటు వాళ్లకు దొరకదు మరి.

ఊరినే తీసుకొచ్చి గుడి చుట్టూ పెట్టారు

ఈ కట్టడం చరిత్రంతా నిప్పుతోనే ముడిపడి ఉంది. దూలాలు, వాసాలు, స్తంభాలు అన్నీ చెక్క. చుట్టూ మైదానం. ఊళ్లో అన్నిటికంటే ఎత్తైన కప్పు ఇదే. పిడుగు పడిందంటే ఇక్కడే పడుతుంది. 1214లో యుద్ధాల గొడవలో కాలింది. తిరిగి పాత స్థాయికి రావడానికి 1302 దాకా పట్టింది. 1499లో పిడుగు పడి ప్రధాన మందిరంతో సహా చాలా భాగం బూడిదైంది. మింగ్ చక్రవర్తి మళ్లీ కట్టించాడు. 1724లో మళ్లీ పిడుగే.. మళ్లీ ప్రధాన మందిరమే. 1730 నాటికి చింగ్ వంశ చక్రవర్తి యోంగ్‌జెంగ్ పూర్తి చేయించాడు. ఇప్పుడు మనం చూసే ప్రధాన మందిరం అదే. మొత్తం మీద పెద్ద ఎత్తున 15 సార్లు దీన్ని పునర్నిర్మించారని లెక్క.

వీటన్నిటిలో విచిత్రమైనది 1511 నాటి సంగతి. ఆ ఏడాది తిరుగుబాటుదారులు చుఫు మీద పడ్డారు. అప్పట్లో ఊరు ఒకచోట, గుడి కాస్త దూరంగా ఇంకోచోట ఉండేవి. ఊరికి ప్రహరీ ఉంది కానీ గుడికి కాపలా లేదు. తిరుగుబాటుదారులు గుడిలోనే మకాం వేశారు. దీంతో మింగ్ ప్రభుత్వం ఓ నిర్ణయం తీసుకుంది. గుడిని ఊరి దగ్గరకు జరపలేం కాబట్టి, ఊరినే గుడి దగ్గరకు జరుపుదాం అని! 1513లో పని మొదలుపెట్టి 1522కల్లా గుడి చుట్టూ కొత్త ఊరు, కొత్త కోటగోడ కట్టేశారు. ఇవాళ్టి పాత చుఫు పట్టణం అలా పుట్టిందే. మ్యాప్ చూస్తే ఊరి మధ్యలో గుడి ఉంటుంది కానీ, నిజానికి గుడి చుట్టూ ఊరు వచ్చింది.

లోపలికి వెళ్తే ఏం కనిపిస్తుంది?

ఉత్తర, దక్షిణాలుగా కిలోమీటరుకు పైగా పొడవు. ఒకదాని వెనక ఒకటి తొమ్మిది ప్రాంగణాలు. వందకు పైగా కట్టడాలు, వెయ్యికి పైగా శిలాశాసనాలు, వందల ఏళ్ల వయసున్న దేవదారు జాతి చెట్లు. బీజింగ్‌లోని ఫర్బిడెన్ సిటీ తర్వాత చైనాలో ఈ స్థాయి పాత కట్టడాల సముదాయాలు చాలా తక్కువ. దక్షిణం వైపు నుంచి నడవడం మొదలుపెడితే మొదట్లో అన్నీ గేట్లే. గేటు దాటితే చెట్లు, చెట్లు దాటితే ఇంకో గేటు. అసలు మందిరం ఎంతకీ రాదు. విసుగు పుట్టించడానికి కాదది. అడుగు నెమ్మదించి, మాట తగ్గించి లోపలికి వెళ్లాలన్నది ప్లాన్. గుడి బయట 1191 నాటి ఓ రాయి కూడా ఉంది. అధికారులైనా సరే ఇక్కడ గుర్రం దిగి నడవాల్సిందే అని దాని మీద చెక్కారు.

దారిలో ఆగి చూడాల్సినవి చాలా ఉన్నా, మూడింటిని మాత్రం వదలకూడదు.

మొదటిది కుయివెన్ మంటపం. ఇది లైబ్రరీ. చక్రవర్తులు పంపిన పుస్తకాలు దాచడానికి కట్టారు. మూడు చూరులు, 23 మీటర్లకు పైగా ఎత్తు. ఇప్పుడున్నది 1504లో తిరిగి కట్టినది. 1668లో షాన్‌డాంగ్‌ను భారీ భూకంపం కుదిపేసింది. చైనా చరిత్రలోనే అతి పెద్ద భూకంపాల్లో అదొకటి. చుఫులో పదిళ్లకు తొమ్మిది కూలాయని ఓ శాసనం చెబుతోంది. ఇంత ఎత్తైన చెక్క మేడ మాత్రం నిలబడింది!

ఎలా? రహస్యం చూరు కింద ఉంది. స్తంభం తలకూ, కప్పుకూ మధ్య చిన్న చిన్న చెక్క దిమ్మెలు, అడ్డ చేతులు ఒకదాంట్లో ఒకటి దూర్చి పేర్చుతారు. చైనా వాళ్లు వీటిని దౌగోంగ్ అంటారు. మేకులు కొట్టి బిగించరు, గాడి తీసి కూర్చుతారు. మామూలు రోజుల్లో ఇవి బరువైన పెంకుల కప్పును మోస్తూ, చూరు గోడకు దూరంగా ముందుకు వచ్చేలా పట్టుకుంటాయి. భూమి ఊగినప్పుడు ఆ అతుకులన్నీ కొంచెం కొంచెం కదులుతాయి. ఆ కదలికలోనే ఊపు చాలావరకు ఖర్చయిపోతుంది. స్తంభాలను కూడా భూమిలో పాతరు, రాతి పీఠం మీద నిలబెడతారు. అందుకే చుట్టూ గోడలు కూలినా చెక్క చట్రం మిగులుతుంది. నిప్పుకు ఎంత బలహీనమో, భూకంపానికి అంత గట్టిది.

రెండోది 13 శాసన మంటపాలు. చక్రవర్తులు వేయించిన శాసనాలు ఈ మంటపాల్లో ఉన్నాయి. కింద పీఠంగా ఉన్న జీవిని చూసి తాబేలు అనుకుంటారు కానీ, అది బీషీ. చైనా పురాణాల్లో డ్రాగన్ సంతానం, బరువులు మోయడమంటే దానికి ఇష్టం. 1686లో కాంగ్షీ చక్రవర్తి పంపిన శాసనం పీఠంతో కలిపి సుమారు 65 టన్నులు. రాయి వచ్చింది బీజింగ్ దగ్గరి కొండల నుంచి, అంటే సుమారు 500 కిలోమీటర్ల దూరం నుంచి. క్రేన్లు, లారీలు లేని రోజులవి. ఈ మంటపాల్లో రెండు జిన్ వంశం కాలం నాటివి. ఆలయంలో మిగిలిన అతి పాత కట్టడాలు ఇవే, వయసు 800 ఏళ్ల పైమాటే.

మూడోది షింగ్‌తాన్, అంటే ఆప్రికాట్ వేదిక. కన్ఫ్యూషియస్ ఆప్రికాట్ చెట్ల దగ్గర కూర్చుని పాఠం చెప్పేవారని పాత కథ. సొంగ్ వంశం కాలంలో ప్రధాన మందిరాన్ని వెనక్కి జరిపి కట్టినప్పుడు, పాత మందిరం ఉన్న చోటు ఖాళీ అయింది. దాన్ని అలా వదిలేయకుండా వేదిక కట్టి చుట్టూ ఆప్రికాట్ చెట్లు నాటారు. అంత పెద్ద కాంప్లెక్స్‌లో చక్రవర్తి హంగు తక్కువగా, టీచర్ వాసన ఎక్కువగా ఉన్న చోటు ఇదే.

కప్పు చూసి హోదా చెప్పేయొచ్చు

ఇక ప్రధాన మందిరం. పేరు దాచెంగ్, అంటే గొప్ప పరిపూర్ణత. వెడల్పు 54 మీటర్లు, లోతు 34 మీటర్లు, ఎత్తు దాదాపు 32 మీటర్లు. చుట్టూ 28 రాతి స్తంభాలు. ఒక్కోటి 6 మీటర్ల ఎత్తు, అడుగు నుంచి పైదాకా ఒకే రాయి. ముందున్న పదింటి మీదే ఉబ్బెత్తు డ్రాగన్లు. పక్కల, వెనక ఉన్న 18 స్తంభాల మీద డ్రాగన్లను సన్నగా గీసినట్టు చెక్కారు. దూరం నుంచి అవి కనపడవు, దగ్గరకెళ్లి చూడాలి.

పాత చైనాలో ఎవరు ఎలాంటి ఇల్లు కట్టుకోవాలో చట్టమే చెప్పేది. కప్పు ఆకారం, పెంకు రంగు, స్తంభాల మధ్య అంకణాల సంఖ్య.. అన్నీ హోదాను బట్టే. పసుపు పెంకు చక్రవర్తిది. ఫర్బిడెన్ సిటీలోని ప్రధాన మందిరానికి 11 అంకణాలు, నాలుగు వైపులా వాలిన రెండు చూరుల కప్పు. అంతకంటే పెద్ద హోదా లేదు. దాచెంగ్ మందిరానికి 9 అంకణాలు. రెండు చూరులే కానీ, పై కప్పుకు రెండు పక్కలా ముక్కోణపు ముఖాలు ఉంటాయి. అంటే ఒక్క మెట్టు తక్కువ. పెంకులు మాత్రం పసుపే. చదువు రాని వాడు కూడా ఆ రోజుల్లో కప్పు వైపు ఒక్కసారి చూసి, లోపల ఉన్నది చక్రవర్తి తర్వాత అంతటి వాడని చెప్పేసేవాడు.

ఇక్కడే ఓ తమాషా ఉంది. కన్ఫ్యూషియస్ బతికుండగా బాగా కోపం తెచ్చుకున్న సందర్భాల్లో ఒకటి నృత్యం గురించి. ఎనిమిది వరుసల్లో 64 మందితో చేసే నృత్యం రాజాధిరాజుకు మాత్రమే చెల్లుతుంది. లూ రాజ్యంలో ఓ పెద్దింటి కుటుంబం దాన్ని తమ ఇంటి ముంగిట ఆడించింది. హోదా దాటారని ఆయన మండిపడ్డారు. అలాంటి మనిషికి, ఒక్క రాజ్యం కూడా ఏలని మనిషికి, తర్వాతి తరాలు డ్రాగన్ స్తంభాలు, పసుపు కప్పు కట్టబెట్టాయి. చివరికి 1906లో చింగ్ ప్రభుత్వం ఆయన పూజను అత్యున్నత స్థాయికి పెంచి, ఆ ఎనిమిది వరుసల నృత్యాన్ని కూడా ఆయనకే ఇచ్చింది. కన్ఫ్యూషియస్ పుస్తకాల మీద నడిచిన ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలను అంతకు ఏడాది ముందే, 1905లో, అదే ప్రభుత్వం రద్దు చేసింది. చదువు తీసేసి పూజ పెంచారన్నమాట.

దాచెంగ్ వెనక ఇంకో మందిరం ఉంది. అది ఆయన భార్య చిగువాన్ గారిది. ఆ వెనకే 120 రాతి పలకల మీద కన్ఫ్యూషియస్ జీవితాన్ని బొమ్మల్లో చెక్కిన మందిరం. 1592లో కట్టారు. చదవడం రాని వాళ్లు కూడా పలక తర్వాత పలక చూసుకుంటూ వెళ్తే కథ అర్థమవుతుంది, అచ్చం కామిక్ పుస్తకంలాగే.

పిడుగు చేయని పని మనుషులు చేశారు

1961లో చైనా ప్రభుత్వం ఈ ఆలయాన్ని జాతీయ రక్షిత కట్టడంగా ప్రకటించింది. ఐదేళ్లు తిరగ్గానే సాంస్కృతిక విప్లవం మొదలైంది. 1966 నవంబర్‌లో బీజింగ్ నుంచి విద్యార్థుల రెడ్ గార్డ్ దళం చుఫుకు వచ్చింది. పాత ఆచారాలు, పాత ఆలోచనలు అన్నిటికీ కన్ఫ్యూషియస్సే మూలం అన్నది వాళ్ల నినాదం. 'ఇది రక్షిత కట్టడం' అని ప్రభుత్వం పెట్టిన రాయినే ముందు పగలగొట్టారు. ప్రధాన మందిరంలో కన్ఫ్యూషియస్ విగ్రహాన్ని ఊరేగించి తగలబెట్టారు. శాసనాలు వందల్లో విరిగాయి. ఊరి బయట ఉన్న కోంగ్ వంశ శ్మశానంలో సమాధులు తవ్వేశారు. 76వ తరం వారసుడి శవాన్ని బయటకు తీసి అవమానించారు. టీచర్ గుడిని ధ్వంసం చేసింది స్టూడెంట్లు. అందులోనూ టీచర్లను తయారుచేసే యూనివర్సిటీ నుంచి వచ్చిన వాళ్లు.

అయినా మందిరాలు నిలబడ్డాయి. 1980ల్లో విగ్రహాలను కొత్తగా చేయించి పెట్టారు. విరిగిన శాసనాలను చాలావరకు అతికించారు. దగ్గరకెళ్లి చూస్తే కొన్ని రాళ్ల మీద ఆ అతుకుల గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1994లో ఆలయం, కోంగ్ కుటుంబ భవనం, శ్మశానం మూడింటినీ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2013లో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ చుఫుకు వెళ్లి కన్ఫ్యూషియస్ చదువును మెచ్చుకుంటూ మాట్లాడారు. ఒకప్పుడు ఏ పార్టీ జెండా కింద ఆ విగ్రహం కాలిందో, ఇప్పుడు అదే పార్టీ నాయకుడు! ఈ గుడి గోడలు చదివితే కన్ఫ్యూషియస్ గురించి తెలిసేదానికంటే, ఆయన్ను వాడుకున్న పాలకుల గురించి తెలిసేదే ఎక్కువ.

వారసులు ఏమయ్యారు?

గుడి పక్కనే కోంగ్ కుటుంబ భవనం ఉంటుంది. 1055లో సొంగ్ చక్రవర్తి ఇచ్చిన డ్యూక్ బిరుదుతో, కన్ఫ్యూషియస్ పెద్ద వారసులు తరతరాలుగా అందులో ఉంటూ గుడి బాధ్యత చూసుకున్నారు. రాజవంశాలు మారినా ఈ కుటుంబం మాత్రం మారలేదు. 77వ తరం వారసుడు కోంగ్ దచెంగ్ కమ్యూనిస్టులు వచ్చాక తైవాన్ వెళ్లిపోయి, 2008లో అక్కడే కన్నుమూశారు. 2009లో కుటుంబ వంశవృక్షం కొత్త ఎడిషన్ వేస్తే, అందులో 20 లక్షల మందికి పైగా పేర్లు ఎక్కాయి. ఊరికి ఉత్తరాన ఉన్న శ్మశానంలో లక్షకు పైగా సమాధులున్నాయి. కన్ఫ్యూషియస్ సమాధి మాత్రం గడ్డి మొలిచిన ఓ మట్టి దిబ్బ, ముందు ఓ శాసనం, అంతే.

చూడాలనుకునే వారికి దారి ఇప్పుడు తేలికే. బీజింగ్, షాంఘై మధ్య 2011లో మొదలైన హైస్పీడ్ రైలు మార్గంలో చుఫు ఈస్ట్ స్టేషన్ ఉంది. ఏటా సెప్టెంబర్ 28న కన్ఫ్యూషియస్ పుట్టినరోజు వేడుక పెద్ద ఎత్తున జరుగుతుంది. లోపలికి వెళ్లినప్పుడు దాచెంగ్ గేటు దగ్గర కంచె వేసిన ఓ పొడవాటి చెట్టును గమనించండి. కన్ఫ్యూషియస్ స్వయంగా నాటారని చెప్పే చెట్టు అది. ఆలయం కాలినప్పుడల్లా అదీ కాలింది, ఎండింది. ఇప్పుడున్నది 1732లో పాత మోడు దగ్గర వచ్చిన చిగురు.